భూగర్భ మురుగునీటి గొట్టాల తనిఖీ, మరమ్మతు: మనిషికి బదులు కెమెరా

నగరాలలో, పట్టణాలలో రోడ్డు కింద ఉన్న మురుగునీటి గొట్టం పౌరుల దృష్టికి సాధారణంగా రెండే సందర్భాలలో వస్తుంది. మ్యాన్‌హోల్ పొంగి మురుగు వీధిలో పారినప్పుడు ఒకసారి, రోడ్డు ఉన్నట్టుండి కుంగినప్పుడు మరొకసారి. అంతకు ముందు నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి ఆ గొట్టంలో సాగిన క్షీణత ఎవరి కంటా పడదు. దానిని చూడడానికి ఒకప్పుడు మనిషిని లోపలికి దింపేవారు. ప్రస్తుతం చక్రాల బండిపై అమర్చిన వీడియో కెమెరాను గొట్టంలోకి పంపి, లోపలి స్థితిని చిత్రీకరించి, లోపం ఉన్న చోటనే మరమ్మతు చేసే విధానం అందుబాటులో ఉన్నది. ఈ విధానం పనిచేసే తీరు, దాని పరిమితులు, దానితో ముడిపడిన చట్ట నిబంధనలను పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఇక్కడ వివరించడమైనది.

ముందుగా పదాల విషయం. వ్యవహారంలోనూ, తరచుగా వార్తలలోనూ అన్నింటినీ కలిపి ‘డ్రైనేజీ’ అనడం పరిపాటి. అయితే వాననీరు పోయే నాలా వేరు, ఇళ్లలోని మరుగుదొడ్లు, వంటగదుల నుండి వచ్చే మురుగును మోసే సీవర్ వేరు. నాలా చాలాచోట్ల తెరచి ఉండే కాలువ. సీవర్ భూమిలో పూడ్చిన మూసిన గొట్టం. హైదరాబాదులో సీవర్ల బాధ్యత 1989 నాటి చట్టం ద్వారా ఏర్పడిన జలమండలిది కాగా, వాననీటి నాలాల బాధ్యత నగరపాలక యంత్రాంగానిది. ఒక ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం ఈ తేడాపైనే ఆధారపడి ఉంటుంది గనుక దానిని పాటించడం మంచిది. ఈ వ్యాసం సీవర్లకు మాత్రమే సంబంధించినది.

హైదరాబాదులో ఆధునిక మురుగునీటి పారుదలకు పునాది 1908 నాటి మూసీ వరదల అనంతరం పడింది. వరద నివారణకు నిజాం ప్రభుత్వం ఆహ్వానించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగర మురుగునీటి పారుదలకు కూడా పథకం రూపొందించారు. అప్పటి జనాభాకు తగినట్లు తలపెట్టిన వ్యవస్థకు తరువాతి దశాబ్దాలలో అనేక కాలనీల లైన్లు వచ్చి చేరాయి. పాత స్టోన్‌వేర్ గొట్టాలు, సిమెంటు కాంక్రీటు గొట్టాలు, వాటికి కలిపిన కొత్త ప్లాస్టిక్ గొట్టాలు ఒకే లైనులో కనిపించడం మన నగరాలలో అరుదేమీ కాదు. ఏ వీధి కింద ఏ గొట్టం, ఏ లోతున, ఏ వాలులో ఉన్నదో తెలిపే పటాలు లేనిచోట ఈ విషయం తెలిసేది లోపలికి చూసినప్పుడే.

సీవర్ సాధారణంగా పంపు ఒత్తిడితో కాక, భూమి వాలు ఆధారంగా పనిచేస్తుంది. మురుగు తగినంత వేగంతో కదిలితేనే అందులోని మట్టి, ఇసుక అడుగున పేరుకోకుండా కొట్టుకుపోతాయి. కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ 2013లో వెలువరించిన మాన్యువల్ ప్రకారం ఇందుకు కనీసం సెకనుకు 0.6 మీటరు వేగం ఉండాలి. గొట్టం ఒకచోట కుంగినా, జాయింటు పక్కకు జరిగినా అక్కడ వేగం తగ్గి సిల్టు నిలుస్తుంది. దానిపై వంటనూనె, జిడ్డు గడ్డకడతాయి. రావి, మర్రి వంటి చెట్ల వేళ్లు తేమను వెదుక్కుంటూ జాయింట్లలోని సన్నని సందుల గుండా చొరబడి లోపల జడల వలె అల్లుకుంటాయి. లైను ‘చోక్’ అయిందని ఫిర్యాదు వచ్చేనాటికి ఈ దశలన్నీ దాటిపోయి ఉంటాయి.

బయటకు ఏ సూచనా ఇవ్వని క్షీణత మరొకటి ఉన్నది. నిలిచిన మురుగులో ప్రాణవాయువు కరువైనప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. అది పైకి లేచి, గొట్టం పైకప్పున ఉన్న తేమలో కలుస్తుంది. అక్కడ నివసించే సూక్ష్మజీవులు దానిని గంధకామ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం కాంక్రీటును కొద్దికొద్దిగా తినివేస్తుంది. కనుక కాంక్రీటు సీవర్ తరచుగా మురుగు పారే అడుగు భాగాన కాక, గాలి ఆడే పైభాగాన బలహీనపడుతుంది. ఇనుప చువ్వలు బయటపడి, పైకప్పు రాలి, చుట్టూ ఉన్న మట్టి భూగర్భజలంతో పాటు గొట్టంలోకి జారడం మొదలవుతుంది. రోడ్డు కింద గుల్ల ఏర్పడుతుంది. పైన తారు పొర మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఒక బరువైన వాహనం దానిపైకి వచ్చే వరకు పరిస్థితి ఎవరికీ తెలియదు.

గొట్టాన్ని తినే ఈ వాయువే మనిషిని చంపుతుంది. ఇది గాలికంటె బరువైనది కావడంతో మ్యాన్‌హోల్ అడుగున నిలుస్తుంది. కొద్ది మోతాదులో కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగినప్పుడు వాసన పసిగట్టే శక్తినే హరిస్తుంది. వాసన తగ్గింది, ఇక ప్రమాదం లేదని భావించి దిగినవారు స్పృహ తప్పుతారు. వారిని రక్షించబోయినవారూ అదే దారిన పోతారు. 2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు కార్మికులు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు. వారిని పైకి తీయడానికి దిగిన స్థానిక ఆటో డ్రైవరు కూడా వారితో పాటే మరణించారు. ఇటువంటి ఘటనలలో ఒకరి తరువాత ఒకరుగా మరణాలు సంభవించడానికి కారణం అజాగ్రత్త ఒక్కటే కాదు, ఆ వాయువు గుణం అటువంటిది.

ఈ మరణాల నేపథ్యంలోనే చట్టం వచ్చింది. పాకీపని వారి నియామక నిషేధం, పునరావాస చట్టం 2013 డిసెంబరు 6 నుండి అమలులో ఉన్నది. దాని 7వ సెక్షన్ సీవర్లు, సెప్టిక్ ట్యాంకుల ప్రమాదకర శుభ్రతా పనులకు ఎవరినీ నియమించరాదని నిర్దేశిస్తున్నది. ఈ నిబంధనను ఉల్లంఘిస్తే మొదటిసారి రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ ఉల్లంఘిస్తే ఐదేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానాకు వీలున్నది. 33వ సెక్షన్ తగిన యంత్ర పరికరాలను ఉపయోగించడాన్ని స్థానిక సంస్థల విధిగా చేసింది. ఈ రెండవ నిబంధన వార్తలలో అంతగా కనిపించదు. కెమెరాలు, జెట్టింగ్ యంత్రాలు సమకూర్చుకోవడం ఏ సంస్థకైనా అదనపు సదుపాయం కాదు, చట్టం అప్పగించిన పని అన్నది దాని భావం.

చట్టం కింద రూపొందిన 2013 నిబంధనలలో కొన్ని మినహాయింపులు లేకపోలేదు. యంత్రం పనిచేయనిచోట దెబ్బతిన్న మ్యాన్‌హోల్ మూతను తొలగించడం, 300 మిల్లీమీటర్ల కంటె పెద్ద సీవర్‌కు కొత్త లైనును కలపడం, పంపు బావి అడుగున ఉన్న మోటారును తీయడం, మ్యాన్‌హోల్ పునర్నిర్మాణం లేదా సీవర్ మెయిన్‌ను సరిచేయడం వంటి పనులకు రక్షణ పరికరాలతో దిగడానికి అవకాశం ఉన్నది. వీటికి బయట మనిషి దిగడం తప్పనిసరి అయితే, సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి కారణాలు నమోదు చేసి లిఖితపూర్వక అనుమతి ఇవ్వాలి. ప్రమాదం జరిగినప్పుడు మొదట అడగవలసినది ఆ కాగితం గురించే.

సర్వోన్నత న్యాయస్థానం 2014 మార్చి 27న ఇచ్చిన తీర్పులో 1993 నుండి సీవర్లలో మరణించిన వారందరి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని ఆదేశించింది. 2023 అక్టోబరు 20 నాటి తీర్పు ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. 2025 జనవరి 29న ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతా, బెంగళూరులతో పాటు హైదరాబాదులోనూ మనుషులతో సీవర్లు శుభ్రం చేయించడాన్ని నిలిపివేయాలని ఉత్తర్వు ఇచ్చింది. మరోవైపు 2023 ఫిబ్రవరి 1న పార్లమెంటుకు సమర్పించిన కేంద్ర బడ్జెట్‌లో ‘మ్యాన్‌హోల్’ దశ నుండి ‘మెషిన్‌హోల్’ దశకు నగరాలను మార్చే లక్ష్యం ప్రకటితమైంది. హైదరాబాదులో జలమండలి 2017లో ఇరుకు వీధులలోకి వెళ్లగల 70 మినీ ఎయిర్‌టెక్ యంత్రాలను దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ సహకారంతో ప్రవేశపెట్టింది.

యంత్రం వచ్చినంత మాత్రాన మనిషి దిగవలసిన అవసరం పూర్తిగా తొలగిపోలేదు. దీనికి కారణం సులువైనదే. జెట్టింగ్ యంత్రం నీటిని అధిక పీడనంతో కొట్టి అడ్డును తొలగిస్తుంది గాని, ఆ అడ్డు ఎందుకు ఏర్పడిందో చెప్పదు. గొట్టం విరిగిన చోట నెలకు ఒకసారి జెట్టింగ్ చేసినా నెలకు ఒకసారి పూడుతూనే ఉంటుంది. చివరకు ‘లోపల ఏముందో చూసిరా’ అని ఒక కార్మికుడిని దింపడం జరుగుతుంది. ఆ చూసే పనిని మనిషి నుండి తప్పించేది కెమెరా.

తనిఖీకి వాడే పరికరాన్ని క్రాలర్ అంటారు. ఇది చిన్న చక్రాల బండి. గొట్టం వ్యాసాన్ని బట్టి చక్రాలు మార్చి, కెమెరా కన్ను సరిగ్గా గొట్టం మధ్యకు వచ్చేలా ఎత్తు సరిచేస్తారు. కెమెరా తల అన్ని వైపులకూ తిరుగుతుంది. చుట్టూ దీపాలు ఉంటాయి. సీవర్లలో మండే స్వభావం గల మీథేన్ ఉండవచ్చు గనుక నిప్పురవ్వ పుట్టించని విధంగా తయారైన పరికరాన్నే వాడాలి. రోడ్డుపై నిలిచిన వ్యాను నుండి ఒక కేబుల్ ద్వారా విద్యుత్తు లోపలికి వెళ్తుంది, చిత్రం బయటకు వస్తుంది. కేబుల్ ఎన్ని మీటర్లు దిగిందో లెక్కించే యంత్రం ఉంటుంది. తెరపై చిత్రంతో పాటు ఆ దూరం కూడా నమోదవుతుంది. ఇళ్ల కనెక్షన్ల వంటి సన్నని గొట్టాలకు బండి పట్టదు కాబట్టి, వంగే కడ్డీ చివర అమర్చిన చిన్న కెమెరాను చేతితో నెడతారు.

పని ఎప్పుడూ ఒక మ్యాన్‌హోల్ నుండి తరువాతి మ్యాన్‌హోల్ వరకు సాగుతుంది. మన దేశంలో చిన్న సీవర్లపై ఇవి సాధారణంగా 30 మీటర్ల దూరంలో ఉంటాయి. ముందుగా జెట్టింగ్ యంత్రంతో గొట్టాన్ని శుభ్రం చేయాలి. ఎగువ మ్యాన్‌హోల్ వద్ద గాలితో ఉబ్బే ప్లగ్గు పెట్టి ప్రవాహాన్ని ఆపాలి, లేదా పంపుతో పక్కకు మళ్లించాలి. ఈ రెండూ చేయకుండా తీసిన వీడియోలో కనిపించేది నల్లని నీరు, నీటి ఆవిరి మాత్రమే. బిల్లు కోసం తీసిన వీడియోకు, గొట్టం కోసం తీసిన వీడియోకు తేడా తెలుసుకోవడానికి నిపుణులే కానవసరం లేదు, మొదటి రెండు నిమిషాలు చూస్తే చాలు. క్రాలర్ వేగం కూడా ముఖ్యం. అమెరికాలో అనుసరించే ప్రమాణం ప్రకారం అది నిమిషానికి 30 అడుగులు, అనగా సుమారు తొమ్మిది మీటర్లు మించరాదు. లోపం కనిపించిన ప్రతిచోటా ఆగి, కెమెరా తలను తిప్పి చూపాలి. మీటరు లెక్కన చెల్లింపు జరిగే కాంట్రాక్టులలో వేగం పెరగడం సహజం. కాబట్టి ఆ నిబంధనను టెండరు పత్రంలోనే రాయడం అవసరం.

చూసినదానిని అందరికీ ఒకే అర్థం వచ్చేలా నమోదు చేయడానికి ఇంగ్లండులోని వాటర్ రీసెర్చ్ సెంటర్ 1980లో సీవర్ల స్థితి వర్గీకరణపై ఒక మాన్యువల్ వెలువరించింది. తరువాత యూరపులోనూ, అమెరికాలోనూ వచ్చిన ప్రమాణాలు ఆ బాటలోనివే. వీటిలో ప్రతి లోపానికీ ఒక సంకేతాక్షరం ఉంటుంది. సన్నని చీలిక, విడిపోయిన పగులు, జరిగిన జాయింటు, వేళ్లు, జిడ్డు, ఊట నీరు, కూలిన భాగం అన్నీ వేర్వేరు. లోపం ఎక్కడున్నదో గడియారం ముల్లు లెక్కన చెప్తారు. గొట్టం నడినెత్తి 12 గంటలు, అడుగు 6 గంటలు. ‘14.2 మీటర్ల వద్ద, 11 నుండి 1 గంట వరకు, చువ్వలు బయటపడినవి’ అన్న ఒక్క వాక్యం చాలు, ఇంజనీరు రోడ్డుపై సున్నంతో గుర్తు పెట్టగలడు. లోపాల తీవ్రతను బట్టి గొట్టానికి 1 నుండి 5 వరకు శ్రేణి ఇస్తారు. 5వ శ్రేణి అంటే కూలినది, లేదా కూలడానికి సిద్ధంగా ఉన్నది.

శ్రేణి ఇవ్వడంతో పని ముగియదని 2025లో జపాన్‌లో జరిగిన ఘటన తెలిపింది. ఆ ఏడాది జనవరి 28న సైతామా రాష్ట్రంలోని యాషియో నగరంలో ఒక కూడలి వద్ద రోడ్డు కుంగి, ఒక లారీ గోతిలో పడింది. కింద సుమారు పది మీటర్ల లోతున 4.75 మీటర్ల వ్యాసం గల సీవర్ ఉన్నది. అది 1983 నాటిది. హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల దాని కాంక్రీటు తినిపోయి, మట్టి లోపలికి జారి గుల్ల ఏర్పడినట్లు భావించారు. గొయ్యి రోజురోజుకూ విస్తరించింది. సహాయక సిబ్బంది లారీ క్యాబిన్‌ను వెంటనే చేరలేకపోయారు. 74 ఏళ్ల డ్రైవరు మృతదేహాన్ని మే నెలలో గాని వెలికితీయలేకపోయారు. పరిసరాలలోని సుమారు 12 లక్షల మందిని స్నానాలు, బట్టల ఉతుకు తగ్గించి నీటి వాడకం పరిమితం చేసుకోవాలని అధికారులు కోరవలసి వచ్చింది. ఎందుకంటే వారు వదిలే ప్రతి చెంబు నీరూ ఆ గోతిలోకే చేరుతున్నది.

గమనించవలసినది ఏమంటే, ఆ సీవర్ తనిఖీ లేనిది కాదు. 2021 ఆర్థిక సంవత్సరంలో తనిఖీ జరిగింది. వెంటనే మరమ్మతు అవసరం లేని ‘బి’ శ్రేణి ఇచ్చారు. తనిఖీ తరువాత కొద్ది ఏళ్లలోనే ప్రాణనష్టం సంభవించింది. అనంతరం జపాన్ ప్రభుత్వం 2 మీటర్లు, అంతకు మించిన వ్యాసం కలిగి, 30 ఏళ్లు దాటిన సుమారు 5,000 కిలోమీటర్ల సీవర్లను ప్రత్యేకంగా పరిశీలించాలని స్థానిక సంస్థలను కోరింది. కెమెరా గొట్టం లోపలి గోడను చూపుతుందే గాని, గోడ వెనుక మట్టిలో గుల్ల ఉన్నదీ లేనిదీ చూపదు. నీటి మట్టానికి కింద ఉన్న భాగాన్నీ చూపదు. అందుకని నిండుగా పారే పెద్ద సీవర్లలో కెమెరాకు తోడు ధ్వని తరంగాలతో పనిచేసే సోనార్‌ను, గొట్టం ఆకారం ఎంత వంగినదో కొలవడానికి లేజర్‌ను, రోడ్డు పైనుండి గుల్లలను పసిగట్టడానికి భూగర్భ రాడార్‌ను వినియోగిస్తారు. పెద్ద, లోతైన, పాత కాంక్రీటు గొట్టానికి ఇచ్చిన మధ్యరకం శ్రేణిని నిశ్చింతకు కారణంగా తీసుకోరాదు.

మరమ్మతు విషయానికి వస్తే, లోపం ఉన్న చోటు కచ్చితంగా తెలిసినప్పుడు రోడ్డు మొత్తం తవ్వవలసిన అవసరం తప్పుతుంది. ఒకటి రెండు మీటర్ల మేర మాత్రమే చెడిన గొట్టానికి రెసిన్‌లో తడిపిన గుడ్డను గాలితిత్తికి చుట్టి, కెమెరా చూపిన చోటికి లాగి, తిత్తిని ఉబ్బించి అతికిస్తారు. రెసిన్ గట్టిపడిన తరువాత తిత్తిని తీసివేస్తారు. రెండు మ్యాన్‌హోళ్ల మధ్య గొట్టం పొడవునా చెడినప్పుడు అనుసరించే పద్ధతి ఇంకొకటి ఉన్నది. దీనిని 1971లో లండన్‌లో ఎరిక్ వుడ్ అనే ఇంజనీరు తొలిసారి ప్రయోగించారు. రెసిన్ పట్టించిన మెత్తని ఫెల్ట్ గొట్టాన్ని, మేజోడును తిరగవేసినట్లు, నీటి ఒత్తిడితో పాత గొట్టంలోకి తిరగవేస్తూ పంపుతారు. తడి పక్క పాత గోడకు అంటుకుంటుంది. వేడినీరు, ఆవిరి, లేక అతినీలలోహిత కాంతి ద్వారా అది గట్టిపడి, పాత గొట్టం లోపల జాయింట్లు లేని కొత్త గొట్టం తయారవుతుంది. వ్యాసం కొద్దిగా తగ్గినా, లోపలి తలం నునుపు కావడంతో ప్రవాహం సాధారణంగా తగ్గదు.

ఈ క్రమంలో ఇళ్ల కనెక్షన్ల రంధ్రాలు కూడా మూసుకుపోతాయి. వాటిని వెంటనే తెరవకుంటే ఇళ్లలోకి మురుగు ఎదురు తంతుంది. గొట్టం లోపల తిరిగే కోత యంత్రాన్ని కెమెరా సాయంతో నడిపి ఆ రంధ్రాలను తిరిగి తెరుస్తారు. మరమ్మతుకు ముందు తీసిన వీడియోలో ప్రతి కనెక్షన్ దూరమూ, దిక్కూ నమోదై ఉంటేనే ఇది సాధ్యం. రెసిన్ గట్టిపడే వేళ వెలువడే స్టైరీన్ వాసన గురించి పరిసర ఇళ్లవారికి ముందుగా తెలపాలి. తెలపకపోతే గ్యాస్ లీకయిందన్న ఆందోళన కలగడం ఖాయం.

లైనింగ్ అన్నింటికీ మందు కాదు. వాలు చెడి కుంగిన గొట్టానికి లోపల పూత వేస్తే కుంగినట్లే గట్టిపడుతుంది. పూర్తిగా కూలినచోట పంపడానికి దారే ఉండదు. ఇటువంటివాటిని తవ్వి మార్చవలసిందే. వ్యాసం చాలని పాత గొట్టాన్ని లోపలి నుండి పగులగొడుతూ, దాని స్థానంలో కొత్త ప్లాస్టిక్ గొట్టాన్ని లాగే పద్ధతి కూడా ఉన్నది. అయితే పక్కనే తాగునీటి పైపులు, కరెంటు కేబుళ్లు ఉన్న ఇరుకు వీధులలో ఎంతో జాగ్రత్త అవసరం.

మన పట్టణాలలో అన్నింటికంటె ముందు ఎదురయ్యే ఆటంకం సాంకేతికమైనది కాదు. రోడ్డు వేసినప్పుడల్లా తారు కింద కప్పబడిపోయిన మ్యాన్‌హోళ్లు అనేకం. మూత తెరవలేని చోట ఏ కెమెరా దిగదు, ఏ యంత్రమూ పనిచేయదు. రోడ్ల విభాగం, సీవర్ల విభాగం కలిసి మూతలను రోడ్డు మట్టానికి ఎత్తి, ప్రతిదానికీ ఒక నంబరు వేయడం తనిఖీకి తొలి మెట్టు. తరువాతి లోటు వీడియోలు భద్రపరచకపోవడం. కాంట్రాక్టరు ఇచ్చిన డిస్కు బిల్లు ఫైలుతో పాటు బీరువాలోకి చేరితే, ఐదేళ్ల తరువాత అదే గొట్టాన్ని మళ్లీ చిత్రీకరించినప్పుడు క్షీణత ఎంత వేగంగా సాగుతున్నదో పోల్చి చూసే వీలుండదు. మ్యాన్‌హోల్ నంబర్ల వారీగా రికార్డులు ఉంచిన సంస్థకే ఏ లైనును ఈ ఏడాది చేపట్టాలో, దేనిని మరో రెండేళ్లు ఆపవచ్చో నిర్ణయించే ఆధారం ఉంటుంది.

మరమ్మతు పూర్తయిన వెంటనే అదే గొట్టాన్ని రెండవసారి చిత్రీకరించాలి. లైనింగ్‌లో ముడతలు, బుడగలు, తెరవని కనెక్షన్లు ఏమైనా ఉంటే ఆ వీడియోలోనే తేలుతాయి. మొదటి, రెండవ వీడియోలలో మ్యాన్‌హోల్ నంబర్లు, దూరం లెక్క, తేదీ ఒకే తీరున కనిపించనప్పుడు ఆ పనిని కొలతల పుస్తకంలో నమోదు చేయకపోవడమే సరైన పద్ధతి.